వాకింగ్ తర్వాత పొంగలు

1997 ఆగస్టు, మంగళవారం

షుగరు తగ్గకపోగా ఇంకా పెరిగిందట. నా కాలి బొటనవేలు తీసేయాలన్నాడు డాక్టరు.

ఏడాదిగా రోజూ పొద్దున్నే మెరీనా బీచిలో గంటసేపు నడుస్తున్నాను. నడక అయ్యాక మా వాకింగ్ జట్టంతా హోటల్లో కూర్చుని, నెయ్యి కారే పొంగలు, వడ తింటాం. "నడిచినాం గదా, కరిగిపోతుందిలే" అంటాడు శెట్టి. ఆ సంగతి మా ఆవిడ సుశీలకు తెలియదు. ఇంట్లో నాకు రాగిసంగటి వండి, నాకు తోడుగా తనూ అదే తింటోంది. తీపి ముట్టి ఏడాదైంది పిచ్చిది.

ఆస్పత్రి నుంచి ఆటోలో వస్తుంటే అంది: "నేను పెట్టే దాంట్లోనే ఏందో తప్పుండాది. ఈ పొద్దు నించి సంగటి సగమే పెడతా."

చెప్పేద్దామనుకున్నాను. "సరేలే" అన్నాను.

రాత్రి నా కంచంలో సగం ముద్దే పెట్టింది. తన కంచంలోనూ సగమే.