ఇనుపచేతి వాడి చివరి పేజీ

9 ఆగస్టు 1983, రాత్రి

నిద్ర పట్టడం లేదు. సాయంత్రం తమ్ముడు నా ఇంగ్లీషు కామిక్ పట్టుకుని అరుగు మీద ఒకటే కేకలు: "సావరా, ఇనపసెయ్యోడా!" కథలో విలన్‌కి మిషన్‌లో పడి చెయ్యి తెగింది, ఇనుపచెయ్యి పెట్టారు. అప్పటిదాకా వాడు మంచివాడే. ఆ తర్వాత అందరూ వాణ్ణి తప్పించుకు తిరిగారు, వాడు ఊరినే తగలబెట్టాడు. చివర్లో వంతెన మీంచి దూకేస్తాడు. నాకు వాడంటే జాలి. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

పక్కనే చిన్నాన్న కూర్చుని ఉన్నాడు. పోర్టులో సరుకులెత్తే వించిలో నలిగి ఆయన కుడిచేతి వేళ్లు పోయాయి, పనీ పోయింది. ఇప్పుడు రోజూ చీకటి పడ్డాక కంచరపాలెం రైలుపట్టాల దగ్గరికి ఒక్కడే వెళ్తున్నాడు. అమ్మకి భయం. నాకూ.

"ఆకరికి ఆడు సచ్చిపోతాడేటమ్మా?" అన్నాడు చిన్నాన్న.

"లేదు చిన్నాన్నా, బతుకుతాడు."

"నిజవేనా? అయితే రేపు నాకు సదివి ఇనిపించు."

ఇంగ్లీషు మాటలైతే మార్చి చెప్పగలను. బొమ్మల్ని ఏం చెయ్యను? చివరి పేజీ చింపి పరుపు కింద దాచాను. కానీ ఆ చేత్తో వాడు ఎలా బతికాడని చిన్నాన్న అడుగుతాడు. తప్పకుండా అడుగుతాడు. ఏం చెప్పాలి?