మర్యాద తెలిసిన సిబ్బంది

బోక్‌సున్ అక్కా,

తోంగ్యోంగ్ రేవులో అమ్మ నడిపే నూడుల్స్ కొట్టు శాశ్వతంగా మూసేలోగా దాని గురించి నా బ్లాగులో రాయమన్నావు. ఇంకోసారి అడగకు. "మొదట్లో నువ్వు రాస్తే పక్కన కూర్చుని వాగినట్టే ఉండేదే" అన్నావు కదా, ఆ వాగుడు కోసం మూడు రోజులు కూర్చున్నాను. ఊరికే తిండి పెట్టిన హోటళ్లవాళ్లు చెప్పినట్టల్లా ఐదేళ్లు రాసీ రాసీ, పదిహేను ఫొటోలూ చివర్లో మ్యాపూ తప్ప నాలో ఏమీ మిగల్లేదు. తెల్లారకముందే లేచి నెత్తళ్ల చారు కాచే అమ్మ నా రాతలో "మర్యాద తెలిసిన సిబ్బంది" అయిపోయింది.

కొట్టుకి పేరు లేదు కాబట్టి "ఈ హోటల్" అనే రాశాను. నిన్న చదివి వినిపిస్తే, అమ్మ వెల్లుల్లి ఒలుస్తూ చివరిదాకా వింది.

"బాగుందే. కొట్టు మూసేశాక మన ముగ్గురం ఒకసారి ఆ హోటల్‌కి వెళ్దాం" అంది.

నీ చెల్లెలు