నీళ్లకు రాసిన ఎకరం

శంషాబాద్ మండలంలో మా ఊరి చెరువు కట్ట కింద కాపురముంటున్న నేను, కీర్తిశేషులు శివయ్య భార్య స్వరాజ్యం, వయసు డెబ్బై రెండు, నా ఇష్టప్రకారం రాయించిన వీలునామా ఇది. మోకాళ్లు నా మాట వినవు గానీ బుద్ధి సరిగానే ఉంది. నాకు మతి తప్పిందని నా కొడుకు జగదీశ్ ఊరంతా చెబుతున్నాడు కాబట్టి డాక్టరు ధ్రువపత్రం జతపరిచాను. ఎవరి బలవంతమూ లేదు. కింద రాసిన ఆస్తి అంతా నా పేరున ఉన్నదే, మరెవరికీ అందులో హక్కు లేదు.

ఎందుకిలా రాస్తున్నానో వారసులకు తెలియాలి. మా చెరువు నిండితే అలుగు పారి, నీళ్లు వాగులో పడి హిమాయత్ సాగర్ వైపు పోయేవి. అలుగు పక్కన కట్ట మైసమ్మ రాయి ఉండేది. విమానాశ్రయం వచ్చి భూములకు రెక్కలొచ్చాక జగదీశ్ ఆ వాగు పూడ్చి ప్లాట్లు చేశాడు. ముందుగా మేకను కోసి, అమ్మను రోడ్డు పక్కకు జరిపి గుడి కట్టించాడు. అమ్మ జరిగింది గదా, నీళ్లూ జరుగుతాయని ఊరివాళ్లు నమ్మారు. వద్దన్నది నేనొక్కదాన్నే. "నీకేం ఎరుక, ఊకో అమ్మా" అన్నాడు.

నిరుటి వానలకు చెరువు నిండింది. పోయే దారి లేక నీళ్లు కట్ట పొర్లి మా వాడ మీద పడ్డాయి. మా ఇంట్లో కిరాయికి ఉండే మంజుల నన్ను మేడ ఎక్కించి, "జర కూసో అవ్వా, బర్రెను ఇడిసి వస్త" అని దిగింది. మా బర్రె ఈదుకుంటూ బయటపడింది. మంజుల రాలేదు.

జగదీశ్ కారు కూడా కొట్టుకుపోయింది. ఆ వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. "పాపం, జగదీశన్నకు ఎంత కష్టమొచ్చె" అని ఊరు ఏడ్చింది. మంజుల సంగతి అడిగితే, "మైసమ్మకు కోపమొచ్చింది, మనమేం జేస్తం" అన్నారు. పూడ్చింది నా కొడుకు, నింద దేవతకు. ఇగ పంపకాలు.

1. పూడ్చిన వాగు పక్కన నాకున్న ఎకరం ఏ మనిషికీ ఇవ్వడం లేదు. నీళ్లకు ఇస్తున్నాను. అందులో అలుగుకు కొత్త దారి తవ్వించాలి. అమ్మకూడదు, పూడ్చకూడదు. మైసమ్మను తిరిగి అలుగు దగ్గరకు చేర్చాలి.

2. నా ఇల్లు మంజుల కూతురు అఖిలకు. ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా తండ్రి లక్ష్మణ్ చూసుకోవాలి. కాటేదాన్ ఫ్యాక్టరీలో ఉన్న అతనికి భార్య చావు కబురు చెప్పింది నేనే. ఆ తరువాత అతని ముఖం సరిగా చూడలేకపోయాను.

3. బర్రె కూడా అఖిలకే. ఇష్టం లేకుంటే అమ్ముకోవచ్చు. నేనైతే అమ్మలేకపోయాను.

4. వెండి కడియాలు నా కూతురు సునీతకు. పరామర్శకు అందరూ చేతులు కట్టుకొని వచ్చారు, అది చీపురు పట్టుకొని వచ్చి బురద ఎత్తిపోసింది. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా దానిదే.

5. వరద తరువాత జగదీశ్ తన బొమ్మ అచ్చు వేయించిన సంచుల్లో దుప్పట్లు పంచాడు. వరుసలో నిలబెట్టి కన్నతల్లికీ ఒకటి ఇచ్చి ఫోటో తీయించుకున్నాడు. ఆ సంచి నేను విప్పలేదు. దాన్ని వాడికే ఇస్తున్నాను. చిన్నప్పుడు జ్వరమొస్తే నా కొంగు వదిలేవాడు కాదు. ఆ పిల్లవాడికైతే నా ప్రాణమైనా రాసిచ్చేదాన్ని. ఈ మనిషికి దుప్పటి చాలు.

6. నా చావుకు ఫ్లెక్సీలు కట్టకూడదు. జగదీశ్ తలకొరివి పెట్టాలంటే, ముందు లక్ష్మణ్ గడపలో నిలబడి వాగు పూడ్చింది తానేనని చెప్పాలి. చెప్పకుంటే సునీత పెడుతుంది.

సాక్షి సంతకానికి మా వాడలో ఇల్లిల్లూ తిరిగాను. నన్ను ఓదార్చడానికి ఆనాడు అందరూ వచ్చారు. ఈనాడు ఎవరికీ తీరిక లేదు. అందుకే బయటివాళ్లను పిలిచాను. మూడో గీత మా ఊరివాళ్ల కోసం ఉంచాను.

తేదీ: 2025 మే 19, శంషాబాద్.
సంతకం: స్వరాజ్యం

సాక్షులు:
1. రాఘవేందర్, వకీలు గుమస్తా
2. ఖాజా, ఆటో డ్రైవర్, పహాడీ షరీఫ్
3. ____________