డెబ్బై దాటినవాళ్ళ ఆల్బమ్

శనివారం రాత్రి, బందరు.

మా చర్చి క్వయర్‌లో డోలక్ వాయించే సుందరరావుగారికి రేపు ఆరాధన అయ్యాక ఇక మానేయమని చెప్పాలి. ఆయన చేయి నెమ్మదించిందని కమిటీ తీర్మానం చేసింది. క్వయర్ పెద్దగా నేనూ సంతకం పెట్టాను.

సాయంత్రం మనవరాలు జెస్సీ ఒక లాటిన్ రాక్ బ్యాండ్ పాటలు పెట్టింది. వాళ్ళంతా డెబ్బై దాటినవాళ్ళట.

"అందరూ వీళ్ళ పాత హిట్లే అడుగుతారు అమ్మమ్మా. ఈ వయసులో చేసిన ఈ కొత్త ఆల్బమ్‌ని ఎవరూ పట్టించుకోలేదు."

"ఎవరూ పట్టించుకోనిది నాకెందుకే?"

"విను ముందు. తప్పులు తర్వాత వెతుకుదువుగాని."

తప్పులు వెతుకుదామనే కూర్చున్నాను. చేతులతో వాయించే ఆ డ్రమ్ములు ఎక్కడా తొందరపడలేదు. గిటార్ వాటి కోసం ఆగి, దెబ్బ పడ్డాకే ముందుకు కదిలింది. వాళ్ళు పడుచు వయసులో వాయించినవి కూడా జెస్సీ వినిపించింది. ఆ హోరులో ఈ నిదానం లేదు. నాకు ఇదే నచ్చింది. ఆల్బమ్ మొత్తం విన్నాను.

సుందరరావుగారి కోసం మేము ఒక్క పాటైనా నిదానంగా పాడి చూడలేదు.

రేపు ఆయనకు ఏమీ చెప్పను. మొదటి పాట నేనే నిదానంగా ఎత్తుకుంటాను. మిగతావాళ్ళు నాతో వస్తారో, నన్ను దాటి వెళ్ళిపోతారో...