బ్యాగులో దొరికిన కత్తి

అనకాపల్లి

కన్యకా, నా బంగారూ,

ఫోను ఎత్తడం లేదు కనుక ఈ ఉత్తరం మీ హాస్టల్లో వంట చేసే మన వీధి బుల్లమ్మకిచ్చి పంపుతున్నాను. నిన్న పరవాడ దారిలో పోలీసులు మీ కంపెనీ బస్సు ఆపారనీ, నీ బ్యాగులో కత్తి దొరికిందనీ, రేపు షిఫ్టు దిగాక పెద్దవాళ్లను వెంటబెట్టుకుని స్టేషనుకు రమ్మన్నారనీ తనే చెప్పింది.

ఆ కత్తి పెట్టింది నేనే తల్లీ. ఆదివారం ఇంటికొచ్చి నువ్వు తల దువ్వుకుంటుంటే తువ్వాల్లో చుట్టి బ్యాగు అడుగున దూర్చాను. బస్సాగే చోట లైటు లేదని అంతకుముందు నువ్వొక్క మాట అన్నావు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అడిగితే వద్దంటావని చెప్పలేదు.

"ఏటమ్మా, కూరలు కోత్తావా, మనుషుల్ని కోత్తావా?" అన్నాడట కానిస్టేబులు. బస్సంతా నవ్విందట! ఏం చూసి నవ్వారు? పొద్దు పొడవకముందే ఆడపిల్లల్ని చీకట్లో నిలబెట్టే కంపెనీని ఏనాడైనా తనిఖీ చేశారా? బస్సులాగే చోట్ల లైట్లు వెయ్యమని మా మహిళా సంఘం ఎప్పుడో పెట్టిన అర్జీకి జవాబే లేదు. పిల్ల బ్యాగులో బెత్తెడు ఇనుము కనిపించేసరికి అందరికీ మెలకువొచ్చింది.

వకీలును అడిగాను. తొమ్మిది అంగుళాల కంటే పొడవో, రెండంగుళాల కంటే వెడల్పో ఉంటేనే ఆయుధాల చట్టం కిందికి వస్తుందట. ఇంటిపనికీ పొలంపనికీ చేసినవి అందులోకి రావట. మనది జామకాయలు కోసుకునే కత్తి. కానీ ఎవరినో బెదిరించడానికి తీశావని రాసుకుంటే మాత్రం ఈ కొలతలేవీ కాపాడవు. నిషేధాజ్ఞలు ఉన్నప్పుడూ అంతే. నా భయమంతా అందుకే. సభల్లో మైకు పట్టుకుని అరిచే మనిషినా నేను, అనిపిస్తోంది.

ఎవరికీ చూపించలేదను. అమ్మ పెట్టిందను. వాదించకు, ఆ పని నాది. రేపు మధ్యాహ్నానికి స్టేషను దగ్గరుంటాను.

నీ పోట్లాటల అమ్మ,
పద్మకుమారి


పరవాడ

అమ్మా,

బుల్లమ్మత్త ఇంటికి బయల్దేరుతోంది, గబగబా రాస్తున్నాను. ఫోను ఆపేసింది నీ మీద కోపంతో కాదు. ఒకతను మాటిమాటికీ చేస్తున్నాడని.

నువ్వు పెట్టిన కత్తి ఆదివారమే చూశాను. తీసి మన బియ్యం డబ్బాలో పెట్టొచ్చాను. వెతుకు, అక్కడే ఉంటుంది. పోలీసులకు దొరికింది నేను కొనుక్కున్న మడతకత్తి. నీ లెక్కన అదీ చిన్నదే.

బస్సులో హాజరు వేసే సూపర్‌వైజరు నానాజీ రోజూ అందరికంటే ముందొచ్చి ఆ చీకట్లో నిలబడతాడు. "ఏటి కన్యకా, ఒక్కదానివే వచ్చేవా? బయమెయ్యదా?" అంటాడు. అంతే. ఈ మాటకు ఏ చట్టం కింద కేసు పెడతావమ్మా?

నిన్న పోలీసులు వెతుకుతుంటే నా బ్యాగు పట్టుకున్నది అతనే. "మంచి పిల్లేనండి, నాది పూచీ" అని నన్ను బస్సెక్కించిందీ అతనే. కత్తి పోలీసులు ఉంచుకున్నారు. మెట్టు మీద నా చెవి దగ్గరకొచ్చి అన్నాడు: "ఇప్పుడు బేగులో ఏటీ నేదు కదా."

స్టేషనులో వాదన నేనే చేస్తాను. అతని పేరు నా నోటితోనే చెబుతాను. కానీ నువ్వు మధ్యాహ్నం దాకా ఆగకు. రేపు తెల్లారకముందే బస్సాగే చోటికి వచ్చెయ్. టార్చి తెచ్చుకో.

కన్యక