తలుపు మూలలో చెక్కపేడు

నాన్నా, పది వేళ్లూ పదిలంగా ఉన్నాయి; అమ్మను బెంగపడొద్దనండి.

మేం బాగుచేస్తున్న ఇంటికి నూరేళ్లు దాటాయట. పాత తలుపులు అలాగే ఉంచి, లోపల గాజు గోడలూ కొత్త వంటగదీ పెడుతున్నాం. నిన్న వీధి తలుపు మూల అతుకు విప్పాను. ఒక్క మేకు కూడా లేదు. లోపల, ఎవరికీ కనబడని చోట, ఆనాటి వడ్రంగి పొరపాటున బెజ్జం పెద్దగా తొలిచేసి, ఆ సందులో చెక్కపేడు అతికాడు. వేలితో తడిమినా తెలియదు. రంగు కాస్త తేడాగా లేకపోతే నాకూ దొరికేది కాదు. ఒకడు చేసిన తప్పు చూసి దణ్ణం పెట్టాలనిపించడం నాకిదే మొదలు. మా మేస్త్రీ చాలాసేపు చూసి, "ఇది విప్పేవాడి కోసం చేశాడ్రా" అన్నాడు.

మొన్న వంటగది అల్మారాలో నేనూ ఇలాగే ఎక్కువ తొలిచి, లప్పం కూరేశాను. ఇల్లుగలావిడ మెచ్చుకున్నారు కూడా. ఇవాళ ఆ లప్పమంతా గీకేశాను. మీ సన్న ఉలి బావ చేత పంపండి. నాది ఈ పనికి మొరటు. పెరటి తలుపు ఇంకా పట్టేస్తోందా? మీరు చిత్రిక పట్టకండి, నడుము జాగ్రత్త. చెల్లి పరీక్ష ఏమైంది?

అమ్మకు నమస్కారాలు.

"లోపల ఎవడు చూడొచ్చాడు" అని మీతో వాదించిన
మీ పెద్దవాడు