కత్తెర లేని ఫొటో

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. మీ అమ్మ మోకాళ్ళ నొప్పులూ, నా దగ్గూ కూడా క్షేమమే. మమ్మల్ని విడిచి ఎక్కడికీ వెళ్ళలేదు. నువ్వూ అల్లుడుగారూ కులాసా అని తలుస్తాను.

మందు వేసుకుంటున్నావా అని అడిగావు. వేసుకుంటున్నాను. ఇక రెండో ప్రశ్న: "దర్జీ మామ ఫొటో దొంగదని దొరల పత్రిక రాసింది. మా నాన్న ఫొటో అబద్ధమాడదని బడిలో తోటి పంతుళ్ళందరితో పోట్లాడాను. నిజమే కదా?"

చెబుతాను, కాస్త ఆగు. నలభై ఏళ్ళుగా నెగటివ్ మీద సన్న కత్తితో గీకి ఈ ఊరి మచ్చలన్నీ మాయం చేశాను. ఒక కాంట్రాక్టరుకు మూడు గడ్డాలుంటే రెండు తీసేశాను. వాళ్ళావిడ "ఈయనెవరండీ?" అంది.

దొరల జెండా దించమంటూ ఊరేగింపు సాగిన రోజున స్టూడియో కిటికీలోంచి రెండు ఫొటోలు తీశాను. మొదటిదాంట్లో దర్జీ పారిపోతున్నాడు, వెనక సిపాయిలు తుపాకులు గురిపెట్టారు. రెండోదాంట్లో ప్రాణం పోయి రోడ్డుమీద పడి ఉన్నాడు. రెండింట్లోనూ చేతిలో కత్తెర. పని మధ్యలో లేచొచ్చాడు పాపం. దాన్ని ఆయుధమంటారని భయపడ్డాను. రెండోదాంట్లో కత్తెరను గీకేసి పత్రికకిచ్చాను. మొదటిదాంట్లో గీకడం కుదరక బూట్ల పెట్టెలో దాచాను. తీరా సిపాయిలు ఆ కత్తెరే తెచ్చి, "దీంతో మామీద పడితే కాల్చాం" అని విచారణలో బల్లమీద పెట్టారు.

తల్లీ, ఆ ఫొటో దొంగదే. దొంగను నేనే.

మొన్న దర్జీ భార్య వచ్చింది. "బాబాయ్, మా ఆయన చేతిలో కత్తెరేదీ?"

"మీ మేలుకేనమ్మా తీశాను."

"పెళ్ళి ఫొటోలోనూ జేబులోంచి తీసేశావు. మనిషిని ఉన్నట్టు చూపించడానికి నీకేం రోగం?"

బూట్ల పెట్టె తెరిచి మొదటి ఫొటో చేతికిచ్చాను. చాలాసేపు చూసి, "వీపు," అంది. అంతే. కత్తెర దాచబోయి, పారిపోతున్న ఆ వీపును దాచానమ్మా.

గీకానని ఒప్పుకుంటే నన్ను జైల్లో వేస్తారని మన లాయరు భయం. "నలభై ఏళ్ళు నల్లగుడ్డ కింద తల పెట్టినవాణ్ణి, నాకు చీకటేం కొత్తయ్యా?" అన్నాను. సోమవారం విచారణలో నిలబడి గీకిన సంగతి ముందు చెబుతాను. తర్వాత మొదటి ఫొటో గాజు ప్లేటు బల్లమీద, ఆ కత్తెర పక్కనే పెడతాను.

ప్లేటు వాళ్ళు పగలగొట్టినా నీ దగ్గర ఉండాలని దాని నకలు ఒకటి ఈ ఉత్తరంలో పెట్టాను. బడిలో మా నాన్న అబద్ధమాడాడని మొదట చెప్పు. ఆపైన ఇది చూపించు. ఇందులో దుమ్ము మరక కూడా తుడవలేదు.

ఇట్లు,
గీకే కత్తి అటకెక్కించిన
మీ నాన్న